పేరున్నవాళ్ళ చేతికే

పోయిన గురువారం షాపు తెరిచి ఇంకా అగరుబత్తి కూడా వెలిగించలేదు, ఆవిడ కొడుకు వచ్చాడు. వడమాలపేట నుంచి మోటారుసైకిలు మీద వచ్చినట్టున్నాడు, మెడకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. కౌంటరు మీద ఒక స్టీలు డబ్బా పెట్టాడు. అందులో వడలు, బూరెలు. డబ్బా మీద ఒక చిన్న పుస్తకం.

"మొన్న అమ్మ సంవత్సరీకం అయిపోయిందన్నా. నువ్వు రాలేదు. ఎవురితోనన్నా పంపిద్దును, నీ చేతికే ఇయ్యాలని నేనే వచ్చినా," అన్నాడు.

పుస్తకం అట్ట మీద ఆవిడ ఫొటో. స్టూడియోవాళ్ళు పట్టుచీర కట్టించారు, తలలో పూలు పెట్టారు. నేనెరిగిన నాలుగేళ్ళలో ఆవిడ తలలో పూలు చూడలేదు. ఫొటో కింద 'అమ్మ మనసు' అని ఎర్రక్షరాలు. దాని కింద చిన్నగా, 'మా తల్లిగారి డైరీ నుండి ఏరిన మాటలు'. ముప్పై రెండు పేజీలు. సంవత్సరీకానికి వచ్చిన బంధువులందరికీ డబ్బాతో పాటు తలా ఒకటి పంచారట.

అతను పోయాక రెండు పేజీలు చదివి మూసేశాను. డైరీని అచ్చు వేశారని వాళ్ళను తిట్టే హక్కు నాకు లేదు. ఆ డైరీని ఎవరూ తెరవకుండా తాళం వేసింది నేను. తీసిందీ నేనే. కంచే చేను మేసిందనే సామెత ఇన్నాళ్ళూ ఎవరెవరి మీదో వాడాను, అది నా మీద వాడుకోవాల్సిన రోజు వచ్చింది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఒకసారి బయట పెట్టింది చాలు.

నాది తిరుపతిలో కంప్యూటర్లు బాగుచేసే షాపు. ఆవిడ మొదటిసారి వచ్చింది ఒక మంగళవారం. ఆ తర్వాత కూడా ఎప్పుడు వచ్చినా మంగళవారమే వచ్చేది. మా పక్క మంగళవారం ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు కదమ్మా అంటే, "అందుకే గదా బస్సులో సీటు దొరికేది," అనేది. పొట్టి మనిషి. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉండేది. అది సంచి మోసిన భుజం. వడమాలపేట దగ్గర ఒక చిన్న ఊళ్ళో ముప్పై ఏళ్ళు పోస్టుమాస్టరుగా చేసింది. ఉత్తరాలు పంచే ఆయన సెలవు పెడితే సంచి తనే తగిలించుకుని పోయేది. రిటైరయ్యాక కూడా ఊళ్ళో అందరూ పోస్టమ్మ అనే పిలిచేవారు.

ఏ కాగితం చేతికిచ్చినా, అది నా బిల్లు కాగితమైనా సరే, ముందు దాని అంచు వెంట బొటనవేలితో తడిమేది. జిగురు ఊడదీసి మళ్ళీ అంటించారేమో అని వెతికే వేలు అది. తర్వాత ట్యూబులైటుకు ఎత్తి పట్టుకుని చూసేది. చదవడం ఆ తర్వాతే. ఏదైనా తేలిపోయిందంటే పిడికిలితో కౌంటరు మీద రెండుసార్లు గుద్దేది, మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. పోస్టాఫీసులో ముద్ర కొట్టిన అలవాటు అది, మొదటిది సిరామెత్త మీద, రెండోది ఉత్తరం మీద. ఆ రెండు దెబ్బలూ పడ్డాక మాట మార్చినట్టు నేనెప్పుడూ చూడలేదు.

మొదటి రోజు అడిగింది ఒక్కటే. "అబ్బా, నేను రాసుకునేది నేను తప్ప ఇంగొకరు సదవకూడదు. అట్టాంటిది ఏమన్నా ఉండాదా కంప్యూటర్లో?"

"ఫోన్లోనే బోలెడు డైరీ యాప్‌లు ఉన్నాయమ్మా," అని ఒకటి తెరిచి చూపించాను. అది ముందుగా మొబైలు నంబరు అడిగింది.

"నా నంబరు దానికెందుకు?"

"మీరేనని తెలియడానికి."

"నేనేనని నాకు తెలుసు గదా. రాసింది యాడ పెడతాది?"

"వాళ్ళ సర్వర్లో."

"అది యాడుండాది?"

"ముంబైలోనో సింగపూర్లోనో ఉంటుంది. ఎక్కడున్నా ఒకటేనమ్మా."

"ఒకటే అయితే మా ఇంట్లో పెట్టు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నిజానికి ఆవిడ అడిగింది జరగని పని కాదు. ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటరు పగలూ రాత్రీ నడుస్తూ ఉంటుంది. ఇంటి వైఫైలో ఫోను తెరిచి రాసుకుంటే రాసిందంతా ఆ పెట్టెలోనే ఉంటుంది, గడప దాటదు. అందుకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్లు ఎక్కడెక్కడి మనుషులో రాసి ఊరికే ఇస్తున్నారు. నేనూ సరదాకి ఒక పాత మిషను మీద అలాంటివి ఎక్కించి చూసుకునేవాణ్ణి. తిరుపతిలో అది కావాలని నన్ను అడిగినవాళ్ళు అప్పటిదాకా ఒక్కరూ లేరు. కుర్రవాళ్ళు అడగాల్సిన మాట అరవై దాటిన పోస్టమ్మ అడిగింది. నాకు హుషారు పుట్టింది. ఆ హుషారే తర్వాత కొంప ముంచింది.

అక్కడినుంచి వారానికొక సాఫ్ట్‌వేరు. నేను ఎక్కించి పెట్టేవాణ్ణి, ఆవిడ మంగళవారం వచ్చి బల్ల ముందు కూర్చుని పరీక్ష చేసేది. గీతల నోటుపుస్తకంలో అన్నిటికీ పేర్లు రాసుకుని, ఎదురుగా తప్పులు వేసేది.

మొదటిది తెరవగానే ఈరోజు మీ మనసు ఎలా ఉందని అడిగి ఐదు గుండ్రటి మొహాలు చూపించింది, నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా. ఆవిడ ఐదింటినీ తీరిగ్గా చూసింది. "ఐదేనా?" అంది. కొట్టివేత.

రెండోదాంట్లో పేజీ మూలన ఒక బాణం గుర్తు ఉంది. అదేమిటని అడిగితే, రాసింది ఎవరికైనా పంపడానికన్నాను.

"పంపాలనుకుంటే కార్డు ముక్క రాయనా? తీసెయ్ దాన్ని."

"తీయడం రాదమ్మా. కనపడకుండా దాచొచ్చు."

"దాచిపెడితే లేనట్టా?"

అదీ పోయింది. ఇంకొకటి తెలుగు ఒత్తులను పక్కన పడేసేది, దాంతో పది నిమిషాలు కూడా కూర్చోలేదు. నాలుగోది అన్నిట్లోకీ బాగుందనుకున్నాను. వారం రోజులు షాపులో నడవనిచ్చాం. ఆవిడ వచ్చి చూసేసరికి, మూడు రోజులుగా మీరేమీ రాయలేదు అని అడుగుతోంది.

"అడగడానికి ఇదెవురు? మాయత్త పోయి పదేళ్ళయింది," అంది.

"పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇంతగా విచారించరమ్మా," అన్నాను విసుగొచ్చి.

"విచారించలేదు గదా. ఇచ్చేసినారు గదా నన్ను," అంది, నోటుపుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఆ ఐదో మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. బల్ల మీద మిషన్లన్నీ ఆగిపోయాయి. ఎండ, షట్టరు సగం దించి ఉంది. టీ తెప్పించాను. ఆవిడ గ్లాసు అంచును కూడా ఒకసారి తడిమి తాగింది. అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఇంట్లో ఉత్తరాలు ఎట్టెట్టా తెరస్తారో నీకు తెలవదు. ఇడ్లీపాత్ర ఆవిరికి పట్టేవోళ్ళు కొందురు. కవరు మూలలో చీపురుపుల్ల దూర్చి, ఉత్తరాన్ని దానికి చుట్టి ఎలపలికి లాగేవోళ్ళు కొందురు. సదివి మళ్ళా అట్నే దూర్చేది. కొత్తకోడలికి పుట్టింటినుంచి వచ్చే ఉత్తరమంటే ఆ ఇంట్లో అందురికీ పండగ. ఒక పిల్లకైతే అత్త రోజూ పోస్టాఫీసుకు వచ్చి కూసుంటాది, నా కోడలి జాబు నాకియ్యి అని. ఇయ్యలే. నేనే తీసకపోయి మామిడితోటలో ఆ పిల్ల చేతికిచ్చి, అది సదువుకునేదాకా గట్టున నిలబడినా. ఎవురి పేరుండాదో వాళ్ళ చేతికే. ముప్పై ఏళ్ళలో ఒక్కటి తప్పలే."

"అంత పట్టుదల ఎందుకమ్మా? ఎవరైనా కంప్లైంటు చేసి ఉంటే?" అన్నాను.

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నాకు ఇరవైయారేళ్ళప్పుడు ఒక నోటుబుక్కు ఉండె. ఉద్యోగం ఇంకా రాలే. బియ్యం డబ్బాలో అడుగున పెట్టేదాన్ని. ఏముండాది దాంట్లో, కూర మాడింది, వాన వచ్చింది, ఇట్టాంటివే. మాయన సదివినాడు. వాళ్ళన్నకు ఇచ్చినాడు. ఆయనా సదివి మా నాయనకు కబురు పెట్టినాడు. ఐరాల నుంచి మా నాయన వచ్చినాడు. వసారాలో అందురూ కూసున్నారు. నన్ను వాకిట్లో నిలబెట్టి మాబావ గట్టిగా సదివినాడు."

"అందులో తప్పేం రాశారు?"

"ఈ ఇంట్లో నా నవ్వు యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు అని రాసినా. అదొకటే. దేనికి నవ్వాలనుకున్నావు, ఎవురితో నవ్వాలనుకున్నావు అని అడిగినారు. నాకు జవాబు తెలీలే. మా నాయన ఏమీ అడగలే. ఇంగ రాయదులే అన్నాడు వాళ్ళతో. నాతో కాదు, వాళ్ళతో."

"తర్వాత?"

"నా చేతనే నీళ్ళపొయ్యిలో పెట్టించినారు. పేజీలు దట్టం గదా, శానాసేపు మండింది. ఆ కాగిన నీళ్ళతోనే మా నాయన తానం చేసి, అన్నం తిని, బస్సెక్కినాడు."

ఆవిడ గొంతులో ఏ తేడా లేదు. ఆ రోజు బస్సు ఆలస్యమైందని చెప్పినట్టే చెప్పింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. తర్వాత ముప్పై అయిదేళ్ళకు పైగా ఆవిడ ఒక్క ముక్క రాసుకోలేదు. ఊరందరి ఉత్తరాలూ కాపాడింది, తనకంటూ రాసుకోలేదు. ఆ భర్తే, ఆ ఇల్లే, ఆ నీళ్ళపొయ్యే. ఇప్పుడు రిటైరయింది, చేతులు ఖాళీ అయ్యాయి, రాసుకోవాలనిపించింది. ఇంకొకసారి ఎవరైనా చదివితే తట్టుకోగలిగే వయసు కాదు. అందుకే వారం వారం బస్సెక్కి వచ్చి ఇంత విచారణ.

ఆ పూటే ఐదో సాఫ్ట్‌వేరు గురించి చెప్పాను. ఒట్టి తెల్ల పేజీ, పైన తేదీ, ఇంకేమీ లేదు. ఎక్కడో ఒకే ఒక్క మనిషి దాన్ని చేస్తున్నాడు. అతను మానేస్తే దిక్కుండదు, వద్దన్నాను. ఆవిడకు అదే నచ్చింది. "ఒక్కడే అయితే మేలు. పది చేతులు మారిన ఉత్తరం సరిగా చేరదు," అంది.

తాళాల సంగతి కూడా చెప్పాను. మామూలు సాఫ్ట్‌వేర్లలో తలుపుకే తాళం, పెట్టెను చూసుకునే నాలాంటివాడు ఇంకో దారిలో లోపలికి పోగలడు. ఇందులో ఉత్తరానికే తాళం. రాసిన ప్రతి అక్షరాన్నీ అది గజిబిజిగా మార్చేస్తుంది. ఆవిడ పెట్టుకున్న రహస్యవాక్యం కొడితేనే మళ్ళీ తెలుగవుతుంది. పెట్టెను విప్పి ముక్కలు చేసినా చెత్త తప్ప ఏమీ దొరకదు.

"నువ్వు కూడా తీయలేవా?"

"నేను కూడా తీయలేను."

ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూశాను. కింది వరసలో ఒక పన్ను లేదు. పిడికిలి రెండుసార్లు పడింది.

ఆ వచ్చే మంగళవారం పెట్టె తీసుకుని వడమాలపేట వెళ్ళాను. వసారాలో మంచం మీద ఆవిడ భర్త పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కూర్చుని, "ఎండన పడి వచ్చినట్టుండావు, మజ్జిగ తాగు నాయనా," అన్నాడు. నేను ఊహించుకుని వెళ్ళిన మనిషి కాదు. మామూలు ముసలాయన. సంచిలో ఏముందని అడిగాడు. "ఫ్రిజ్జుకు స్టెబిలైజరు," అంది ఆవిడ లోపలినుంచి. నేను తల ఊపాను.

పెట్టెను వంటింట్లో ఊరగాయ జాడీల వెనక పెట్టించింది. "ఈ ఇంట్లో మగోళ్ళు ఈ గూట్లో ఎప్పుడూ చెయ్యి పెట్టలే. వడ్డించేది మేమే గదా," అంది. ఆ లెక్క సరైనదే. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఎవరూ పెట్టలేదు.

రహస్యవాక్యం ఆవిడ కొట్టేటప్పుడు నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. అది అయ్యాక ఆ సాఫ్ట్‌వేరు ఇరవై నాలుగు అక్షరాలు చూపిస్తుంది, ఒక్కసారే. వాక్యం మరిచిపోతే వాటితో తెరవొచ్చు. చిన్న ప్రింటరు తెచ్చుకున్నాను కాబట్టి చీటీ మీద అచ్చు తీసి ఇచ్చాను. ఆవిడ అంచు తడిమింది, మడిచింది, పెరట్లోకి పోయింది. వచ్చేసరికి వేళ్ళకు బూడిద.

"అదే పొయ్యి," అంది.

ఇక్కడ నా షాపు పద్ధతి ఒకటి చెప్పాలి. మేం ఏ మిషను పెట్టినా చివరి స్క్రీనును ఫోనులో ఫొటో తీస్తాం. సాయంత్రం షాపుకొచ్చి పాస్‌వర్డులన్నీ సర్వీసు రిజిస్టరులో ఎక్కిస్తాం. కస్టమర్లు ఇవాళ పెట్టింది రేపు మరిచిపోయి మా మీద అరుస్తారు, అందుకని. మిషను వెనక మా షాపు పేరు, నా పేరు, నంబరు ఉన్న స్టిక్కరు అంటిస్తాం. ఆ రోజు కూడా ఫొటో తీశాను, స్టిక్కరు అంటించాను. అవి అలవాటుతో చేశానంటే ఒప్పుకుంటాను. రిజిస్టరులో రాయడం మాత్రం తెలిసే చేశాను. ముసలావిడ, రేపు మరిచిపోతుంది, ఏడుస్తూ వస్తుంది, అప్పుడు నేను టక్కున తీసిచ్చి దేవుణ్ణైపోవాలి. 'పోస్టమ్మ, వడమాలపేట' అని రాసి, ఎదురుగా ఇరవై నాలుగు అక్షరాలూ పొందిగ్గా దించాను.

ఆ తర్వాత ఆవిడ ఎప్పుడో ఒకసారి వచ్చేది. కళ్ళద్దాలు మార్పించుకోవడానికో, కొండకు పోయేవాళ్ళతోనో. "రాస్తా ఉండా," అనేది లోపలికి వస్తూనే. నడక కూడా మారింది, ఆ వాలిన భుజం కొంచెం ఎత్తినట్టుండేది. ఏం రాస్తున్నారని ఒకసారి నోరు జారి అడిగాను.

"జాబు చేతికిచ్చినాక, ఏం రాసినారని అడిగే పోస్టుమాను ఉంటాడా?" అంది.

ఇంకోసారి, వెళ్ళబోతూ గడప దగ్గర ఆగింది. "అబ్బా, ఆ ఇరవై నాలుగు అక్షరాలు నీకాడ లేవు గదా?"

రిజిస్టరు నా మోచేతి కిందే ఉంది.

"లేవమ్మా," అన్నాను.

"అట్నే," అని పోయింది. ప్రతి కవరు అంచునూ తడిమిన మనిషి, నా మాటను తడిమి చూడలేదు. నన్ను నమ్మినందుకు ఇప్పటికీ ఆవిడ మీద కోపం వస్తుంది. తర్వాత సిగ్గేస్తుంది.

పోయిన ఏడాది మామిడి పిందె దిగే రోజుల్లో పోయింది. గుండెపోటు. పుత్తూరు ఆసుపత్రి దాకా కూడా అందలేదు. పదకొండో రోజు భోజనానికి వెళ్ళాను. పంక్తిలో నేను కూర్చున్న చోటికి వంటిల్లు కనిపిస్తూ ఉంది. జాడీల సందులోంచి ఆకుపచ్చ లైటు మెరుస్తూనే ఉంది. లేచి వెళ్ళి, ఫ్రిజ్జుకు ఇంక ఇది అక్కర్లేదని ఒక మాట చెప్పి, తీగ పీకి సంచిలో వేసుకుని వచ్చేస్తే అయిపోయేది. ఎవరూ అడిగేవాళ్ళు కారు. నేను పప్పు రెండోసారి వేయించుకుని, చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

రెండు నెలలకు ఆ ఇంట్లో కొత్త ఫ్రిజ్జు కొన్నారు. దాన్ని బిగించడానికి వచ్చినతను, దీనికి స్టెబిలైజరు అక్కర్లేదు, అసలు ఇది స్టెబిలైజరే కాదన్నాడట. కొడుకు దాన్ని బియ్యంసంచిలో పెట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"దీని మీద నీ పేరుండాదన్నా. ఏంది ఇది?"

చెప్పాను. వాళ్ళమ్మ రాసుకున్న డైరీ అన్నాను. ఆమెకు తప్ప ఎవరికీ తెరుచుకోదన్నాను.

"నువ్వే గదా పెట్టింది."

"పెట్టింది నేనే. తాళం ఆమెది."

అతను చెడ్డవాడు కాదు. తల్లి పోయిన కొడుకు. సంచి మడుచుకుంటూ, "నీకు కూడా రాదా? సరేలే అన్నా. రేణిగుంట రోడ్డులో ఇంగొకాయన ఉండాడంట, ఎట్టాంటిదన్నా తీస్తాడంట. ఆయనకు సూపిస్తా," అన్నాడు.

ఆ రేణిగుంట రోడ్డు మనిషి తీయలేడు. ఈ లోకంలో ఎవరూ తీయలేరు. ఆ సంగతి అందరికంటే నాకే బాగా తెలుసు. అతణ్ణి పోనిచ్చి ఉంటే ఆ పెట్టె రెండు మూడు షాపులు తిరిగి, చివరికి పాతసామాన్ల వాడి తక్కెడలో పడేది. ఆవిడ గెలిచి ఉండేది.

"కూర్చో," అన్నాను.

నా భార్యతో అతని మీద జాలిపడి తీశానని చెప్పాను. జాలి కాదు. వేరేవాడు తీస్తాడన్న ఆ ఒక్క మాట నాకు పడలేదు. నా పనితనం తక్కువ చేశాడనిపించింది. అంతే, దానికంటే గొప్ప కారణం ఏమీ లేదు.

రిజిస్టరు తెరిచి ఇరవై నాలుగు అక్షరాలూ కొట్టాను. తెల్ల పేజీ వచ్చింది, పైన తేదీ. మానిటరు అతని వైపు తిప్పి నేను మొహం పక్కకు పెట్టుకున్నాను, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. తిప్పేలోపే రెండు చోట్ల చదివేశాను.

'ఈ రోజు ఆయన కాఫీ అడగలేదు. తొమ్మిదింటి దాకా ఇల్లు నాదిగా ఉంది.'

ఇంకోటి, దాని కింద. 'నాయన పోయి ఇరవై ఏళ్ళు. ఆ కాగిన నీళ్ళు ఇంకా నా వీపు మీద పడుతున్నట్టే ఉంది.'

కొడుకు నిలబడే చాలాసేపు చదివాడు. మొదట కళ్ళు తుడుచుకున్నాడు. "మాయమ్మ ఇంత రాస్తాదని మాకు తెలవనే తెలవదు," అన్నాడు. తర్వాత పేజీలు గబగబా జరపడం మొదలుపెట్టాడు. మొహం మాడింది. "ఇవన్నీ నాయన సూస్తే బాగుండదు," అన్నాడు. అప్పుడైనా, తుడిచేయమంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు. జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు.

"దీంట్లో వేసియ్యన్నా."

వేసిచ్చాను.

మళ్ళీ పోయిన గురువారానికి వస్తాను. డబ్బా ఇచ్చాక అతను కాసేపు కూర్చున్నాడు. "అందురూ బాగుండాదన్నారన్నా. నాయన అయితే కంట నీళ్ళు పెట్టుకున్నాడు. ఇట్టాంటి పెండ్లాం ఎవురికి దొరుకుతాది అన్నాడు. వసారాలో కూసోబెట్టి మాపెద్దనాయనే అందురికీ గట్టిగా సదివి వినిపించినాడు. ఆడాడ కొంచెం సరిచేసినాంలే," అన్నాడు.

అదే వసారా. చదివింది ఆ బావే. అతనికి ఆ పాత సంగతి తెలుసో లేదో నాకు తెలియదు, అడగలేకపోయాను.

అతను పోయాక పుస్తకం తెరిచాను. మొదటి పేజీ: 'ఈ రోజు ఆయన కాఫీ అడగలేదు. తొమ్మిదింటి దాకా ఏమీ తోచలేదు.'

రెండో పేజీ: 'నాయన పోయి ఇరవై ఏళ్ళు. ఇంకా నా పక్కనే ఉన్నట్టుంది.'

ఇవి ఆవిడ మాటలు కావని అతనికి ఫోను చేసి చెప్పాలనుకున్నాను. చెప్పాలంటే చదివానని ఒప్పుకోవాలి. నంబరు నొక్కి, మోగకముందే కట్టేశాను. మొదటిసారి ఆవిడ నోటుపుస్తకాన్ని కాల్చారు. అందులో కొంత మర్యాద ఉంది. కాలిపోయినా రాసినట్టే కాలిపోయింది. ఈసారి కాల్చలేదు, దిద్దారు. ఇప్పుడు రెండు వందల ఇళ్ళల్లో, దేవుడి గూట్లో గోవిందనామాల పక్కన, ఆవిడ ఎప్పుడూ అనని మాటలు ఆవిడ ఫొటోతో ఉన్నాయి. వాటికి తాళం లేదు.

రిజిస్టరులో ఆ పేజీని అప్పుడు చించాను. చించి ఏం లాభం, అంచులు చూసుకుంటూ నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్నాను. మధ్యాహ్నం దాకా పని చేసుకున్నాను. బూరెలు తినబుద్ధి కాలేదు. పుస్తకాన్ని డబ్బాతో సహా బల్ల కిందికి తోసేద్దామని తీసినప్పుడు వెనక అట్ట కంటబడింది. ఇంటిల్లిపాదీ కలిసి దిగిన ఫొటో, దాని కింద నాలుగు వరసలు. అచ్చు వేసిన ప్రెస్సువారికి నమస్కారాలు. చివరి వరస కొంచెం లావు అక్షరాల్లో ఉంది.

'మా అమ్మ మనసును మాకు తెరిచి చూపించిన', ఆ తర్వాత మా షాపు పేరు, నా పేరు ఇంటిపేరుతో సహా, 'గారికి మా కుటుంబం ఎప్పటికీ కృతజ్ఞతతో ఉంటుంది.'

అందుకే కొడుకు వేరే ఎవరితోనూ పంపకుండా తనే వచ్చాడు. ఆవిడే ఉండి, ఆ పుస్తకం ఆవిడ సంచిలో పడి ఉంటే, పేరు చూసి, అంచు ఒకసారి తడిమి, నా చేతికే ఇచ్చి పోయేది.